పాఠం చెవికి ఎక్కాలంటే: ఆన్‌లైన్ కోర్సుల స్క్రిప్టు, ఆడియో పని

ఆన్‌లైన్ కోర్సులో ఆడియో బాగోలేదని ఫిర్యాదు రాగానే అందరి చూపూ మైకు మీదికే పోతుంది. ఖరీదైన మైకు కొంటారు, గోడలకు ఫోమ్ అంటిస్తారు. అయినా పాఠం వినబుద్ధి కాదు. చాలాసార్లు లోపం స్క్రిప్టులో ఉంటుంది. ఊపిరి తీసుకోవడానికి చోటు లేని వాక్యం రాసిచ్చాక చదివేవాళ్లు ఎంత గొప్పవాళ్లయినా అది పాఠ్యపుస్తకం అప్పజెప్పినట్టే వినిపిస్తుంది. అందుకే ఇక్కడ సగం మాట స్క్రిప్టు గురించే. తెలుగులో రాసి, తెలుగులో చదివి, ఎక్కువగా ఫోన్‌లో వినే పాఠాలను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు నిడివి తేల్చుకోవాలి. ఎడ్‌ఎక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించి ఫిలిప్ గువో బృందం 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వీడియో ఆరు నిమిషాలు దాటితే చూసేవాళ్ల నిలకడ తగ్గిపోతోందని తేలింది. దాంతో ఒక పాఠానికి ఆరు నిమిషాలు అనే హద్దు చాలామంది పెట్టుకున్నారు. మరి ఆరు నిమిషాలకు ఎన్ని మాటలు రాయాలి? ఇంగ్లిషు లెక్క ఇక్కడ పనికిరాదు. అక్కడ నిమిషానికి 140 మాటల దాకా హాయిగా చదువుతారు. తెలుగులో విభక్తులు, ప్రత్యయాలు అన్నీ మాటకే అతుక్కుంటాయి కాబట్టి ఒక్కో మాట పొడుగు ఎక్కువ. పాఠం చెప్పే వేగంలో నిమిషానికి 90 నుంచి 100 మాటలు, లెక్కల పాఠమైతే 80 దాకా వేసుకోవచ్చు. అంటే ఆరు నిమిషాలకు 550 మాటలు మించకూడదు.

ఇంగ్లిషు కోర్సును తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ లెక్క తప్పితే పెద్ద తలనొప్పి. అర్థం చెడకుండా తెచ్చిన తెలుగు నేరేషన్ సాధారణంగా ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా ఎక్కువ సమయం తీసుకుంటుంది. యానిమేషన్ మాత్రం ఇంగ్లిషు నిడివికే కట్టి ఉంటుంది. అప్పుడు చదివేవాళ్లను పరుగెత్తించడమో, ఎడిటింగ్‌లో ఆడియో వేగం పెంచడమో చేస్తారు. రెండూ చెవికి తెలిసిపోతాయి. చేయాల్సింది స్క్రిప్టు తగ్గించడం, లేదా స్లయిడ్ నిడివి పెంచడం. నిడివి చూసుకోవాలంటే స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదవాలి. మనసులో చదువుకుంటే ప్రతిసారీ తక్కువే వస్తుంది.

స్క్రిప్టును పేరాలుగా కాక పట్టికగా రాయండి. నాలుగు నిలువు వరసలు చాలు: స్లయిడ్ సంఖ్య, తెర మీద కనిపించేది, నేరేషన్, చదివేవారికి సూచన. ఒక్కో అడ్డు వరస ఒక్కో ఆడియో ఫైలు అవుతుంది. ఏ అడ్డు వరసా 45 సెకన్లు దాటకుండా చూసుకోవాలి. రేపు ఒక అంకె మారితే ఆరు నిమిషాలూ తిరిగి చదివించకుండా ఆ ఒక్క ముక్కే చదివిస్తే సరిపోతుంది. ఫైలు పేరులో మాడ్యూల్, పాఠం, స్లయిడ్, వెర్షన్ అదే వరసలో రావాలి, అంకెలన్నీ రెండు స్థానాల్లో ఉండాలి. 7 అని పెడితే కంప్యూటర్ దాన్ని 10 తర్వాత పేర్చవచ్చు, 07 అంటే ఆ గొడవ ఉండదు. ‘ఫైనల్’, ‘ఫైనల్ కొత్తది’, ‘అసలు ఫైనల్’ లాంటి పేర్లు పెట్టే అలవాటు ఉంటే ఈ పనిలోకి దిగకముందే మానుకోవాలి.

రెండో నిలువు వరసకీ మూడో నిలువు వరసకీ, అంటే తెరకీ నేరేషన్‌కీ మధ్యే చాలా పాఠాలు చెడిపోతాయి. తెర మీద ఉన్న వాక్యాన్నే నేరేటర్ పొల్లు పోకుండా చదివితే విద్యార్థి కన్ను ఒక వేగంతో, చెవి ఇంకో వేగంతో నడుస్తాయి. రెండింటినీ సరిచూసుకోవడంలోనే బుర్ర అలసిపోతుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాంటా బార్బరాలో రిచర్డ్ మేయర్ ఏళ్ల తరబడి చేసిన ప్రయోగాలు చెప్పిందీ ఇదే: బొమ్మ, మాట కలిసి ఉన్నచోట అదే మాటను అక్షరాల్లో కూడా పెడితే నేర్చుకోవడం తగ్గుతుంది. తెర మీద బొమ్మ, ముఖ్యమైన పదం, అంకె మాత్రం ఉంచి వివరణ గొంతుకు వదిలేయాలి. కొత్త పారిభాషిక పదం, సూత్రం, నిర్వచనం దీనికి మినహాయింపు. వాటిని చూపించాలి, చదవాలి కూడా.

ఇక వాక్యం. సైన్సు పుస్తకాల్లో నిర్వచనం మామూలుగా ఈ ధోరణిలో ఉంటుంది: ‘మొక్కలు సూర్యకాంతి సమక్షంలో, పత్రహరితం సహాయంతో, కార్బన్ డయాక్సైడ్ మరియు నీటిని ఉపయోగించుకొని పిండిపదార్థాన్ని తయారుచేసుకునే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అందురు.’ కంటితో చదివేటప్పుడు వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. చెవికి ఆ వెసులుబాటు లేదు. అసలు విషయం ఏమిటో చివరి మూడు మాటల దాకా తెలియదు, అప్పటికి మొదట విన్నది జారిపోయి ఉంటుంది. అదే విషయం వినడానికి రాస్తే ఇలా ఉంటుంది:

‘మొక్క తన తిండి తానే తయారుచేసుకుంటుంది. అందుకు నాలుగు కావాలి. ఎండ. నీళ్లు. గాల్లో ఉండే కార్బన్ డయాక్సైడ్. ఆకులో ఉండే పత్రహరితం. ఈ నాలుగూ అందితే ఆకులో పిండిపదార్థం తయారవుతుంది. ఈ పనికి పుస్తకంలో ఉన్న పేరు కిరణజన్య సంయోగక్రియ.’

మాటలు తగ్గలేదు, దాదాపు రెట్టింపయ్యాయి. వాక్యాలు ఒకటి నుంచి ఎనిమిదయ్యాయి. పేరు చివరికి వెళ్లింది, ఎందుకంటే అప్పటికి వినేవాళ్ల దగ్గర ఆ పేరు తగిలించుకోవడానికి ఒక విషయం ఉంది. నాలుగు వస్తువులూ నాలుగు చిన్న ముక్కలు కాబట్టి యానిమేటర్‌కు బొమ్మ మార్చాల్సిన నాలుగు చోట్లు తేలిగ్గా దొరికాయి. పరీక్షలో రాయాల్సిన పుస్తక నిర్వచనాన్ని ఆ తర్వాత తెర మీద పెట్టి ఒకసారి చదివిస్తే చాలు.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది కాబట్టి కంప్యూటర్ పాఠాలకు మనకొక సౌకర్యం ఉంది. ‘ఫైల్ మెనూలో, సేవ్ యాజ్ మీద, క్లిక్ చేయండి’ అంటున్నప్పుడు మౌస్ బాణం ముందు మెనూ దగ్గరికి, తర్వాత ఆప్షన్ దగ్గరికి వెళ్తుంది, క్లిక్ చివర పడుతుంది. చెప్పే వరస, చేసే వరస ఒకటే. ఇంగ్లిషు వరసలోనే తెచ్చి ‘క్లిక్ చేయండి సేవ్ యాజ్‌ను’ అని చదివించే కోర్సులు ఎందుకున్నాయో నాకు అర్థం కాదు. అయితే ఇదే వాక్య నిర్మాణంలో ఒక గుంట కూడా ఉంది. ‘ఫైల్ తెరిచి, రెండో షీట్ ఎంచుకుని, బి కాలమ్‌ను సెలెక్ట్ చేసి, డేటా ట్యాబ్‌లోకి వెళ్లి, సార్ట్ నొక్కండి’ అని ఐదు పనులను ఒకే వాక్యంలో గొలుసు కట్టేస్తాం. పైకి సహజంగానే వినిపిస్తుంది. కానీ ఆ ‘చి’, ‘ని’, ‘సి’ల దగ్గర గొంతు ఆగదు, కాబట్టి తెర మీద పని పూర్తయ్యే సమయం దొరకదు. వెంట చేస్తున్న విద్యార్థి రెండో పని దగ్గరే వెనకబడిపోతాడు. వాక్యానికి ఒక పని, మహా అయితే రెండు. వాక్యం పది పన్నెండు మాటలు దాటితే తెంచేయాలి.

అంకెలన్నీ నేరేషన్ వరసలో అక్షరాల్లోనే రాయాలి. 1,25,000 అని వదిలేస్తే ఒకరు ‘లక్షా పాతిక వేలు’ అంటారు, ఇంకొకరు ‘ఒక లక్ష ఇరవై ఐదు వేలు’ అంటారు. రెండూ ఒప్పే, ఒకే కోర్సులో రెండూ ఉంటేనే బాగుండదు. 0.75ను ‘సున్నా పాయింట్ డెబ్బై ఐదు’ అని చదివితే మాత్రం అది లెక్కల పరంగానే తప్పు దారి పట్టించడం, ‘ఏడు ఐదు’ అని విడిగా పలకాలి. 1857ను సంవత్సరంగా చదవాలా, సంఖ్యగా చదవాలా అన్నది రాసి ఉండాలి. భిన్నాలు ఇంకా చిక్కు. తెర మీద 3/4 కనిపిస్తుంటే గొంతు ‘నాలుగింట మూడు వంతులు’ అంటుంది, అంటే హారం ముందు వస్తుంది. యానిమేటర్ అలవాటు ప్రకారం పైన ఉన్న మూడును ముందు వెలిగిస్తే పిల్లలకు గొంతు ఒకటి, బొమ్మ ఒకటి. ‘మూడు బై నాలుగు’ అని చదివిస్తారా, హారాన్ని ముందు వెలిగిస్తారా అన్నది స్క్రిప్టులోనే తేల్చి నాలుగో నిలువు వరసలో, సూచనల దగ్గర రాయండి. స్టూడియోలో తేల్చుకుందామంటే అప్పటికే యానిమేషన్ అయిపోయి ఉంటుంది.

ఇలాంటి నిర్ణయాలకు కోర్సు మొత్తానికి ఒక పేజీ ఉచ్చారణ పట్టిక ఉంటే చాలు. అందులో పారిభాషిక పదాలు, ఇంగ్లిషు పొట్టి పేర్లు, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, ‘మీరు’ అనాలా ‘నువ్వు’ అనాలా అన్నదీ ఉండాలి. పిల్లల పాఠాల్లో కూడా నేను ‘మీరు’కే మొగ్గుతాను, ‘మనం’ కలిపితే పెద్దరికం పోతుంది. ‘విద్యార్థులు గమనించగలరు’ అనేది నోటీసు బోర్డుకు సరిపోతుంది, పాఠానికి కాదు. ‘ఇక్కడ చూడండి’ అంటే చాలు. రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ వినే కోర్సయితే లెక్కల ఉదాహరణల్లో ఆనపకాయా సొరకాయా అన్న తగువు లేకుండా టమాటాలో, పెన్సిళ్లో పెట్టుకుంటే హాయి.

సలహా ఒకటి, చిన్నదే కానీ సమయం మిగులుస్తుంది. అను ఫాంట్లలాంటి పాత పద్ధతిలో డీటీపీ చేసిన పాఠం చేతికొస్తే యూనికోడ్‌లోకి (ఏ కంప్యూటర్లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి) మార్చాక ఒత్తులు, పొల్లులు ఒక్కొక్కటీ చూసుకోవాలి. మార్పిడిలో క్ష, జ్ఞ, ర వత్తు ఉన్న చోట్లు ముందు చెడతాయి, చదివేవాళ్లు అక్కడే తడబడతారు.

రికార్డింగ్ గదికి వస్తే, మన ఇళ్లలో మొదటి శత్రువు ఫ్యాను. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్, ఇన్వర్టర్ అన్నీ ఆపాల్సిందే. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడిపితే చార్జర్ నుంచి వచ్చే గుంయ్‌మనే శబ్దం చాలాసార్లు పోతుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో ఉండాలి. ఎండాకాలం తెల్లవారుజామున రికార్డు చేసుకోవడం ఉత్తమం: ఉక్కపోత తక్కువ, కూరగాయల బండి ఇంకా రాదు, కుక్కర్ కూతలు మొదలు కావు. ప్రతిధ్వని తగ్గడానికి పలచటి ఫోమ్ ముక్కల కంటే నేరేటర్ వెనక, పక్కల వేలాడదీసిన మందపాటి బొంతలు, బట్టలతో నిండిన తెరిచిన బీరువా మేలు. పలచటి ఫోమ్ హెచ్చు స్వరాలను మాత్రమే పీల్చి, గదిలో మోగే మంద్ర స్వరాలను అలాగే వదిలేస్తుంది. అందుకే ఫోమ్ గదుల్లో గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది.

మైకు గురించి ఎక్కువ చెప్పను. ఇంటి గదిలో అయితే చుట్టుపక్కల శబ్దాలను తక్కువగా పట్టే డైనమిక్ మైకు, నిజంగా నిశ్శబ్దంగా ఉండే బూత్‌లో అయితే సన్నని శబ్దాన్నీ పట్టే కండెన్సర్. కండెన్సర్‌కు ఇంటర్‌ఫేస్‌లో (మైకును కంప్యూటర్‌కు కలిపే పెట్టెలో) 48 వోల్టుల ఫాంటమ్ పవర్, అంటే మైకు తీగలోంచే అందే కరెంటు వేయాలి. నోటికీ మైకుకీ దూరం జానెడు లోపు, అంటే 15 నుంచి 20 సెంటీమీటర్లు, మధ్యలో ఊపిరి గాలిని ఆపే పాప్ ఫిల్టర్. మైకును నోటికి ఎదురుగా కాక 30 డిగ్రీలు పక్కకు తిప్పి పెట్టాలి. ప, ఫ, బ, భ పలికినప్పుడు వచ్చే గాలి దెబ్బ నేరుగా తగలదు. లెక్కల పాఠంలో ‘భిన్నం’ ఎన్నిసార్లు వస్తుందో గుర్తుంటే ఈ జాగ్రత్త ఎందుకో తెలుస్తుంది.

రికార్డింగ్ సెట్టింగులు: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే ఛానల్), వేవ్ ఫైలు. నిమిషానికి 8.6 ఎంబీ అవుతుంది, డిస్క్ మీద చోటుకు వెనకాడకండి. మామూలుగా చదివేటప్పుడు మీటరు ముల్లు మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర తిరగాలి, గట్టిగా పలికినప్పుడు మైనస్ 10 నుంచి మైనస్ 6 మధ్య తాకాలి. సున్నాను తాకితే గొంతు చిరిగిపోతుంది, దాన్ని తర్వాత బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఎవరూ మాట్లాడనప్పుడు మీటరు మైనస్ 60 కన్నా కిందే ఉండాలి. చదవడం మొదలెట్టేముందు అదే గదిలో, అదే గెయిన్‌తో (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలో చెప్పే సెట్టింగుతో) 30 సెకన్లు ఉత్త నిశ్శబ్దం రికార్డు చేయండి. తర్వాత ఖాళీలు పూడ్చడానికీ, అనవసర శబ్దం తీసేటప్పుడు దాని నమూనాగా చూపడానికీ ఇదే పనికొస్తుంది.

తప్పు చదివితే వెంటనే ఆగి, ఒకసారి చప్పట్లు కొట్టి, వాక్యం మొదటి నుంచి చదవాలి. చప్పట్ల శబ్దం తెర మీది ధ్వని తరంగంలో గీతలా నిలబడుతుంది కాబట్టి ఎడిటర్ దాన్ని చూసి వెంటనే కోత పెట్టుకుంటాడు. తప్పు మాట ఒక్కటే తిరిగి చెబుతానంటే ఒప్పుకోకండి. తెలుగులో నోరు సంధి చేసేస్తుంది. ‘ఇప్పుడు ఇక్కడ ఒక గీత’ అని రాసినా నోటి నుంచి ‘ఇప్పుడిక్కడొక గీత’ అని వస్తుంది. మాటకీ మాటకీ మధ్య అచ్చు కరిగిపోయాక అక్కడ కత్తెర పెట్టడానికి సందే ఉండదు. పెడితే ‘ఇప్పు’ దగ్గర మాట తెగి చెవికి గుచ్చుకుంటుంది. వాక్యం చివరా, ఊపిరి తీసుకున్న చోటా మాత్రమే కోయాలి. మరీ తప్పనిసరైతే క, త, ప లాంటి హల్లుతో మొదలయ్యే మాటకు ముందు, ఆ హల్లు పేలే ముందున్న లిప్తపాటు నిశ్శబ్దంలో.

ఇంకొకటి: ఏకధాటిగా 40 నిమిషాలు చదివించవద్దు. గొంతు అలసిపోతే మొదటి స్లయిడ్‌కీ చివరి స్లయిడ్‌కీ మనిషి మారినట్టు ఉంటుంది. 20 నిమిషాలకోసారి ఆపి గోరువెచ్చని నీళ్లు ఇవ్వండి. రికార్డింగ్‌కు ముందు పాలు, పెరుగు, తీపి తీసుకుంటే నోట్లో జిగురు చేరి ప్రతి మాట దగ్గరా చిటుక్కుమనే శబ్దాలు వస్తాయి. వాటిని ఏరడం ఎడిటింగ్‌లో అన్నిటికంటే విసుగు పుట్టించే పని.

ఎడిటింగ్‌లో వరస ముఖ్యం. ఉచితంగా దొరికే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ చాలు. ముందు కోతలు, ఖాళీల సవరణ. వాక్యాల మధ్య అర సెకను, విషయం మారేచోట సెకనుకు కొంచెం పైన. ఊపిరి శబ్దాలను పూర్తిగా తీసేయకుండా 8 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించండి. బొత్తిగా లేకపోతే యంత్రం చదివినట్టుంటుంది. తర్వాత 80 హెర్ట్జ్ దగ్గర హై పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది మోతను తీసేసేది), ఆడగొంతుకు 100 దాకా వెళ్లొచ్చు. నాయిస్ రిడక్షన్ అవసరమైతేనే, అదీ 6 నుంచి 10 డెసిబెల్స్ లోపు. అంతకు మించితే ‘శ’, ‘స’, ‘హ’ నీళ్లలోంచి వినిపిస్తాయి. ఆపైన గట్టి మాటకూ మెల్లని మాటకూ మధ్య తేడాను తగ్గించే కంప్రెసర్, 3:1 దగ్గర. మీటరులో 3 నుంచి 5 డెసిబెల్స్ తగ్గింపు కనపడితే చాలు. ‘స’కారం చెవికి గీసుకుంటుంటే 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్య దాన్ని మెత్తబరిచే డీఎస్సర్. నాయిస్ తీయకుండా ముందే కంప్రెసర్ వేస్తే ఫ్యాను శబ్దం కూడా పైకి లేస్తుంది. వరస తప్పితే వచ్చే నష్టం ఇదే.

చివరిది లౌడ్‌నెస్, అంటే మొత్తం మీద పాఠం ఎంత గట్టిగా వినిపిస్తుందన్నది. దీని కొలతను ఎల్‌యూఎఫ్‌ఎస్ అంటారు. పాఠం నుంచి పాఠానికి విద్యార్థి వాల్యూమ్ బటన్ ముట్టుకోకూడదు. స్టీరియోకు మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్, మోనో ఫైలుకు మైనస్ 19 పెట్టుకోండి, రెండు చెవుల్లో వినేటప్పుడు రెండూ సమానంగానే ఉంటాయి. ట్రూ పీక్ (శబ్దం తాకే అసలు గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దాటకూడదు. ఎగుమతి మోనో ఎంపీ3, 64 కేబీపీఎస్. నిమిషానికి అర ఎంబీ లోపే, ఆరు నిమిషాల పాఠం 3 ఎంబీలో ఇమిడిపోతుంది. పల్లెలో మొబైల్ డేటాతో వినేవాళ్లకు ఇది నిజంగా తేడా చూపిస్తుంది. మైకును స్టీరియో ట్రాక్‌లో ఒక వైపే రికార్డు చేసి అలాగే పంపేయడం తరచూ జరిగే పొరపాటు. ఎడిటర్ ల్యాప్‌టాప్ స్పీకర్లో బాగానే ఉంటుంది, విద్యార్థి ఇయర్‌ఫోన్‌లో ఒక చెవికే వినిపిస్తుంది.

కంప్యూటర్ గొంతు వాడొచ్చా అని అడుగుతుంటారు. మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ సేవ అజ్యూర్‌లో శ్రుతి, మోహన్ అనే తెలుగు గొంతులున్నాయి, ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం కూడా తెలుగు గొంతులను విడుదల చేసింది. నా మట్టుకు వాటిని కొలత ఆడియోకే వాడతాను: స్క్రిప్టును యంత్రంతో చదివించి, ఆ నిడివికి యానిమేషన్ కట్టి, పొడుగైన వాక్యాలు కోసి, చివర మనిషితో చదివించడం. తరచుగా మారే ధరల పట్టికలు, ఆఫీసు నియమాల పాఠాలకైతే నేరుగా వాడినా తప్పులేదు. చిన్న పిల్లల పాఠానికి మాత్రం వద్దు. ప్రశ్నకూ జవాబుకూ గొంతులో తేడా లేకపోతే వాళ్లు ప్రశ్నను ప్రశ్నగా గుర్తించరు.

ప్రశ్న అంటే గుర్తొచ్చింది. లెక్క ఇచ్చి పది సెకన్లు నిశ్శబ్దం వదిలే అలవాటు మానుకోండి. విద్యార్థి నెట్ ఆగిపోయిందనుకుని తెరను నొక్కేస్తాడు. ‘ఇక్కడ పాఠం ఆపి లెక్క చేయండి, అయ్యాక మళ్లీ నొక్కండి’ అని గొంతుతో చెప్పించి రెండు సెకన్లు వదిలితే చాలు.

క్యాప్షన్లకు స్క్రిప్టు ఉంది కదా అని దాన్నే అతికించొద్దు, రికార్డింగ్‌లో మారిన మాటలను బట్టి సరిచేసి పెట్టాలి. ఫైలును సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్ ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలో, చతురస్రాలో అయి కూర్చుంటుంది. తెలుగు అక్షరం వెడల్పు ఎక్కువ కాబట్టి ఇంగ్లిషు క్యాప్షన్ల కొలతతో వరస కడితే చిన్న తెరలో మూడో వరసకు జారుతుంది. రెండు వరసలు దాటకుండా ఫోన్‌లో పెట్టి చూసుకోవాలి.

ఆఖరి తనిఖీ ఇద్దరు చేయాలి. ఒకరు స్క్రిప్టు చేతిలో పెట్టుకుని హెడ్‌ఫోన్‌తో, ఇంకొకరు స్క్రిప్టు చూడకుండా చవకరకం ఫోన్ స్పీకర్లో. మొదటివాళ్లకు దాటేసిన మాటలు దొరుకుతాయి, రెండోవాళ్లకు అర్థం కాని వాక్యాలు దొరుకుతాయి. ‘ఈ ఏడాది’, ‘ఇటీవల’, ‘కొత్తగా వచ్చిన’ లాంటి మాటలు గొంతులో ఉంటే అప్పుడే తీసేయించండి, తేదీలు, ధరలు తెర మీద పెట్టుకుంటే మార్చడం తేలిక. అయినా ఆరు నెలలకో ఏడాదికో ఒకటి రెండు స్లయిడ్లు తిరిగి చదివించాల్సి వస్తుంది. ఆ రోజు పాత గొంతుతో కొత్తది కలవాలంటే మొదటిరోజే మైకు పేరు, నోటికీ మైకుకీ దూరం, గెయిన్ నాబ్ ఎక్కడుందో ఫోటో, ఎడిటింగ్ సెట్టింగులు, ఆ 30 సెకన్ల నిశ్శబ్దం, ఏ ప్రాసెసింగూ చేయని ముడి వేవ్ ఫైళ్లు అన్నీ కోర్సు ఫోల్డర్‌లోనే పెట్టి ఉంచాలి. నేరేటర్ తిరిగి చదివేముందు పాత స్లయిడ్ రెండు మూడుసార్లు హెడ్‌ఫోన్‌లో వింటే వేగం, స్థాయి వాటంతటవే దారిలోకి వస్తాయి.